ఏది చెరుపుతుంది, ఎక్కడ రాస్తుంది: లినక్స్ కెర్నల్ మేక్ టార్గెట్ల డాక్యుమెంటేషన్ డైరీ

మొదలు

లినక్స్ కెర్నల్ సోర్స్ డైరెక్టరీలో నిలబడి మేక్ హెల్ప్ అని కొడితే టెర్మినల్ నిండిపోతుంది. మేక్ అంటే సోర్స్ నుంచి ప్రోగ్రామ్ కట్టే సాధనం, దానికి అప్పజెప్పే ఒక్కో పని పేరు టార్గెట్. శుభ్రం చేసేవి, కాన్ఫిగర్ చేసేవి, కెర్నల్‌ని బిల్డ్ చేసేవి, ఇన్‌స్టాల్ చేసేవి, ప్యాకేజీలు కట్టేవి, తనిఖీలు చేసేవి, డాక్యుమెంట్లు తయారుచేసేవి. ఒక్కో టార్గెట్ పక్కన ఒక్క లైను వివరణ. ఆ లైన్లు రాసినవాళ్లకు ఈ బిల్డ్ వ్యవస్థ కొట్టినపిండి కాబట్టి వాళ్లకు ఒక్క లైను చాలు. కొత్తగా వచ్చినవాళ్లకు చాలదు.

మా టీమ్‌లో కెర్నల్ బిల్డ్ కొత్తగా నేర్చుకుంటున్న ఒకమ్మాయి అడిగింది: "అన్నా, ఈ కమాండ్ కొడితే నా కాన్ఫిగ్ ఉంటుందా, పోతుందా?" కాన్ఫిగ్ అంటే కెర్నల్‌లో ఏ ఆప్షన్లు ఆన్, ఏవి ఆఫ్ అని రాసి ఉండే డాట్ కాన్ఫిగ్ అనే ఫైల్. ఆ ప్రశ్న పట్టుకుని హెల్ప్ మొత్తం పైనుంచి కిందిదాకా చదివాను. కొన్ని టార్గెట్లకు జవాబు దొరికింది, చాలావాటికి దొరకలేదు. టార్గెట్ ఏం తయారుచేస్తుందో హెల్ప్ చెబుతుంది. దేన్ని చదువుతుంది, ఎక్కడ రాస్తుంది, దేన్ని చెరిపేస్తుంది, రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) రన్ చేయాలా అక్కర్లేదా అన్నవి మాత్రం అడిగి తెలుసుకోవాల్సిందే. ఈ నాలుగింటికీ ప్రతి టార్గెట్ దగ్గరా జవాబు ఉండే పత్రం ఒకటి రాద్దామని కూర్చున్నాను. ఈ డైరీ ఆ పని ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి.

పనికి 6.12 తీసుకున్నాను. 2024 నవంబర్‌లో విడుదలైన ఈ వెర్షన్‌కి దీర్ఘకాల మద్దతు ఉంది, అందుకని రాసింది కొంతకాలం నిలుస్తుంది. ప్రాసెసర్ ఆర్కిటెక్చర్లు రెండే: ఎక్స్86, ఆర్మ్64. ఏ ఆర్కిటెక్చర్‌కో చెప్పే ఆర్క్= మార్చి మేక్ హెల్ప్ కొడితే చివరి భాగం మారిపోతుంది, ఎందుకంటే ఒక్కో ఆర్కిటెక్చర్ తన సహాయ పాఠాన్ని తన మేక్‌ఫైల్‌లోనే (మేక్‌కి సూచనలు ఉండే ఫైల్‌లో) పెట్టుకుంటుంది. ఎక్స్86లో బీజెడ్‌ఇమేజ్ (కుదించిన కెర్నల్ ఫైల్) కనిపించే చోట ఆర్మ్64లో ఇమేజ్ పేర్లు వేరుగా ఉంటాయి. అన్ని ఆర్కిటెక్చర్లనీ ఒకేసారి ఎత్తుకుంటే పని ఎప్పటికీ తెమలదు.

ముందే ఉన్నవి చదివాను

కెర్నల్ సోర్స్‌లోని డాక్యుమెంటేషన్ డైరెక్టరీలో కేబిల్డ్ అనే విభాగం ఉంది. అందులో మేక్‌ఫైల్ రాసేవాళ్ల కోసం ఒక పత్రం, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కోసం ఒకటి, సోర్స్ బయట ఉండే మాడ్యూల్స్ (నడుస్తున్న కెర్నల్‌లోకి లోడ్ చేసుకోగల ముక్కలు) కోసం ఒకటి, కాన్ఫిగ్ భాష కోసం ఒకటి, ఎల్ఎల్‌వీఎం అనే కంపైలర్ సరంజామా కోసం ఒకటి ఉన్నాయి. అన్నీ మంచి పత్రాలే. కానీ ప్రతిదీ ఒక పని చుట్టూ అల్లుకున్నది. టార్గెట్ పేరు పట్టుకుని లోపలికి వచ్చేవాళ్లకు తలుపు ఒక్కటే, మేక్ హెల్ప్.

పోల్చి చూడటానికి ఫ్రీబీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ తెరిచాను. అక్కడ బిల్డ్ అనే మాన్యువల్ పేజీ ఉంది, ఏడో సెక్షన్‌లో. బిల్డ్‌వరల్డ్, బిల్డ్‌కెర్నల్, ఇన్‌స్టాల్‌కెర్నల్, ఇన్‌స్టాల్‌వరల్డ్ అన్నీ అందులోనే. ఇన్‌స్టాల్‌కెర్నల్ ఎంట్రీ చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. కెర్నల్, మాడ్యూల్స్ ఏ డైరెక్టరీలోకి వెళతాయో చెప్పి, ఆ పేరుతో ముందే ఉన్న డైరెక్టరీలో ఇప్పుడు నడుస్తున్న కెర్నల్ ఉంటే దాన్ని కెర్నల్.ఓల్డ్‌గా మారుస్తామని కూడా ఒక్క వాక్యంలో చెప్పేశారు. ఎక్కడ రాస్తుంది, పాతది ఏమవుతుంది, రెండూ తేలిపోయాయి. నా పత్రంలో ప్రతి ఎంట్రీ ఇలా ఉండాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ఎలా పరీక్షిస్తున్నాను

మేక్‌ఫైల్ చదివి రాస్తే చాలు కదా అనిపించవచ్చు. చదవడం తప్పదు, కానీ కెర్నల్ మేక్‌ఫైల్ తనను తాను మళ్లీ మళ్లీ పిలుచుకుంటుంది, మధ్యలో షెల్ స్క్రిప్టులు, పెర్ల్ స్క్రిప్టులు వస్తాయి. కళ్లతో చూసి ఇది ఈ ఫైల్‌ని ముట్టుకోదని తేల్చేయడం ప్రమాదం. అందుకే ప్రతి టార్గెట్‌నీ నిజంగా రన్ చేసి చూస్తున్నాను.

సోర్స్ కాపీ ఒకటి తీసుకుని దాని మీద రాసే అనుమతి పూర్తిగా తీసేశాను. బిల్డ్ అంతా ఓ= (తయారయ్యే ఫైళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పే ఆప్షన్) ఇచ్చి వేరే డైరెక్టరీలో జరుగుతుంది. టార్గెట్ సోర్స్‌లో ఏదైనా రాయబోతే అక్కడికక్కడే ఎర్రర్ వస్తుంది, వెతకక్కర్లేదు. రన్ చేసే ముందు బిల్డ్ డైరెక్టరీలో ఒక గుర్తు ఫైల్ టచ్ చేసి, మొత్తం ఫైళ్ల జాబితా తీసి పెట్టుకుంటాను. రన్ అయ్యాక ఫైండ్ కమాండ్‌తో గుర్తు ఫైల్ కన్నా కొత్తవి ఏవో చూస్తాను, జాబితాలు రెండింటినీ డిఫ్ చేస్తాను. కొత్తగా పుట్టినవి, మారినవి, పోయినవి మూడూ బయటపడతాయి. ప్రతి టార్గెట్‌కీ ఇదే మూడు పరిస్థితుల్లో చేస్తాను: ఖాళీ డైరెక్టరీలో, కాన్ఫిగ్ మాత్రమే ఉన్నప్పుడు, పూర్తి బిల్డ్ అయ్యాక. శుభ్రం చేసే టార్గెట్ల విషయంలో ఈ మూడో పరిస్థితే అసలు సంగతి చెప్పింది.

క్లీన్, ఎంఆర్‌ప్రాపర్, డిస్ట్‌క్లీన్

వీటికే ఎక్కువ సమయం పట్టింది. దానికి తగ్గ కారణం ఉంది.

హెల్ప్ ప్రకారం క్లీన్ చాలావరకు తయారైన ఫైళ్లను తీసేస్తుంది, కాన్ఫిగ్‌నీ, బయటి మాడ్యూల్స్ బిల్డ్ చేయడానికి కావలసినంత సరంజామానీ ఉంచుతుంది. పరీక్షలో కూడా అంతే. డాట్ కాన్ఫిగ్ ఉంది, ఇన్‌క్లూడ్ కింద జనరేటెడ్ హెడర్లు ఉన్నాయి, మాడ్యూల్స్ వాడుకోగల కెర్నల్ ఫంక్షన్ల జాబితా ఉండే మాడ్యూల్.సిమ్‌వర్స్ ఉంది. ఆబ్జెక్ట్ ఫైళ్లు, కేఓ ఫైళ్లు (తయారైన మాడ్యూల్స్), ప్రతి ఆబ్జెక్ట్ పక్కనా దాగి ఉండే డాట్ సీఎండీ ఫైళ్లు పోయాయి. ఇంతవరకు ఆశ్చర్యం లేదు.

ఎంఆర్‌ప్రాపర్‌కి హెల్ప్ ఇచ్చే వివరణ: తయారైన ఫైళ్లన్నీ, కాన్ఫిగ్, రకరకాల బ్యాకప్ ఫైళ్లు తీసేస్తుంది. మాట నిజమే. అయితే తయారైన ఫైళ్లన్నీ అన్న మాట కింద ఏమేం దాగున్నాయో డిఫ్ చూస్తే తెలిసింది. డాట్ కాన్ఫిగ్‌తో పాటు డాట్ కాన్ఫిగ్.ఓల్డ్ కూడా పోతుంది. బిల్డ్ నంబర్ లెక్క ఉండే డాట్ వెర్షన్ పోతుంది. మాడ్యూల్.సిమ్‌వర్స్ పోతుంది. వీటన్నిటికన్నా ముఖ్యం, సర్ట్స్ డైరెక్టరీలోని సైనింగ్ కీ (మాడ్యూల్స్‌కి డిజిటల్ సంతకం పెట్టేది) పోతుంది.

ఈ కీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మాడ్యూల్ సంతకాలు ఆన్ చేసి, కీ ఎక్కడుందో వేరే దారి ఇవ్వకపోతే, బిల్డ్ సమయంలో కెర్నల్ తనే ఓపెన్ఎస్ఎస్ఎల్‌తో ఒక కీ జత తయారుచేసుకుంటుంది. పబ్లిక్ భాగం కెర్నల్ లోపలికి చేరుతుంది. ప్రైవేట్ భాగం సర్ట్స్ డైరెక్టరీలో ఉండి, అన్ని మాడ్యూల్స్‌కీ సంతకం చేయాలన్న ఆప్షన్ ఉంటే మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ సమయంలో వాటికి సంతకం పెడుతుంది. ఇప్పుడు కెర్నల్ ఇన్‌స్టాల్ అయి నడుస్తోంది, సంతకం లేని మాడ్యూల్‌ని తీసుకోవద్దన్న ఆప్షన్ ఆన్‌లో ఉంది అనుకోండి. సోర్స్‌లో ఎంఆర్‌ప్రాపర్ కొట్టారు. కొన్నాళ్లకు ఆ కెర్నల్‌కే ఒక బయటి మాడ్యూల్ బిల్డ్ చేసి లోడ్ చేయాలనుకున్నారు. సంతకం పెట్టడానికి ఆ కీ ఇక లేదు. మళ్లీ బిల్డ్ చేస్తే కొత్త కీ పుడుతుంది, నడుస్తున్న కెర్నల్‌కి ఆ కొత్త కీ ఎవరో తెలియదు. కెర్నల్‌ని కూడా కొత్తగా బిల్డ్ చేసి ఇన్‌స్టాల్ చేసి రీబూట్ చేయాల్సి వస్తుంది.

ప్రైవేట్ కీని సోర్స్‌లో వదిలేయకూడదు, భద్రమైన చోటికి మార్చండి లేదా నాశనం చేయండి అని కెర్నల్ డాక్యుమెంటేషనే గట్టిగా చెబుతుంది. కాబట్టి ఎంఆర్‌ప్రాపర్ కీని చెరపడం లోపమేమీ కాదు. చెరుపుతుందని తెలిసి కొట్టడం వేరు, తెలియక కొట్టడం వేరు. నా ఎంట్రీలో కీ పేరు, దాని దారి మొదటి పేరాలోనే ఉన్నాయి.

డిస్ట్‌క్లీన్ ఎంఆర్‌ప్రాపర్ చేసేదంతా చేసి, ఆపైన ఎడిటర్ బ్యాకప్‌లు, ప్యాచ్ మిగుల్చిన ఫైళ్లు, కోడ్‌లో వెతకడానికి వాడే ట్యాగ్స్, సీస్కోప్ డేటాబేస్ తీసేస్తుంది. మేక్‌ఫైల్‌లో దీని ఫైండ్ కమాండ్ చూస్తే డాట్ ఆరిగ్, డాట్ రెజ్, డాట్ బ్యాక్ అన్నీ జాబితాలో ఉన్నాయి. డాట్ రెజ్ దగ్గర ఆగాలి. ప్యాచ్ సరిగా అతకనప్పుడు అతకని ముక్కలు ఆ ఫైళ్లలోకి వెళతాయి. వాటిని చేత్తో సరిదిద్దాల్సిన పని ఇంకా మిగిలి ఉండగా డిస్ట్‌క్లీన్ కొడితే ఏ ముక్కలు అతకలేదో తెలిపే ఏకైక ఆధారం పోతుంది. గ్నూ పద్ధతిలో నడిచే ప్రాజెక్టుల నుంచి వచ్చినవాళ్లకు డిస్ట్‌క్లీన్ అంటే కాన్ఫిగర్ చేసినప్పుడు పుట్టినవి తీసేసేది అని అలవాటు. కెర్నల్‌లో ఆ పనికి దగ్గరగా ఉండేది ఎంఆర్‌ప్రాపర్. ఈ తేడా కూడా ఎంట్రీలో చేర్చాను.

ఓ= ఇచ్చినప్పుడు వచ్చే ఎర్రర్

దీన్ని విడిగా రాయాల్సి వచ్చింది. సోర్స్ డైరెక్టరీలోనే ఒకసారి బిల్డ్ చేసి, తర్వాత ఓ= ఇచ్చి వేరే చోట బిల్డ్ మొదలుపెడితే మేక్ ఒప్పుకోదు. సోర్స్ శుభ్రంగా లేదు, ఎంఆర్‌ప్రాపర్ రన్ చేయండి అని ఆర్కిటెక్చర్ పేరుతో సహా కమాండ్ చూపిస్తుంది. చాలామంది ఆ కమాండ్‌ని కాపీ చేసి కొట్టేస్తారు. మేకే చెప్పింది కదా మరి.

అది కొట్టిన క్షణంలో సోర్స్‌లోని కాన్ఫిగ్, దాని పాత కాపీ, కీ అన్నీ పోతాయి. ఎర్రర్ సందేశం ఆ మాట చెప్పదు. అందుకే ఈ ఎర్రర్‌కి నా పత్రంలో సొంత చోటు ఇచ్చాను: ముందు డాట్ కాన్ఫిగ్‌ని కొత్త బిల్డ్ డైరెక్టరీలోకి కాపీ చేసుకోండి, నడుస్తున్న కెర్నల్ ఆ కీ మీద ఆధారపడి ఉంటే కీని కూడా తీసి పెట్టుకోండి, అప్పుడు ఎంఆర్‌ప్రాపర్ కొట్టండి. ఓ= తో వేరే డైరెక్టరీల్లో ఉన్న బిల్డ్‌లకు దీనివల్ల ఏమీ కాదు. ఆ డైరెక్టరీ శుభ్రం కావాలంటే ఎంఆర్‌ప్రాపర్‌కి కూడా అదే ఓ= ఇవ్వాలి.

మొదటినుంచీ ఓ= వాడటమే మంచిదని నా గట్టి అభిప్రాయం. సోర్స్ ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, ఒకే సోర్స్ నుంచి రెండు కాన్ఫిగ్‌లతో రెండు బిల్డ్‌లు పక్కపక్కన నడుస్తాయి, తీసేయాలంటే ఆ డైరెక్టరీని తీసేస్తే సరిపోతుంది.

కాన్ఫిగ్ టార్గెట్లు

ఇవి చాలా ఉన్నాయి. మెనూకాన్ఫిగ్, ఎన్‌కాన్ఫిగ్, ఎక్స్‌కాన్ఫిగ్, జీకాన్ఫిగ్ నాలుగూ ఒకే పనికి నాలుగు ముఖాలు, వాటికి ఒకే ఎంట్రీ రాసి ముగించాను. ఆల్‌యెస్‌కాన్ఫిగ్, ఆల్‌మాడ్‌కాన్ఫిగ్, ఆల్‌నోకాన్ఫిగ్, ర్యాండ్‌కాన్ఫిగ్ పరీక్షల కోసం పుట్టినవి, వాటి మీద కూడా ఎక్కువసేపు ఆగలేదు. టైనీకాన్ఫిగ్ అంటే ఆల్‌నోకాన్ఫిగ్ మీద చిన్న కెర్నల్‌కి కావలసిన ఫ్రాగ్మెంట్ కలిపినది.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ఏ కాన్ఫిగ్ టార్గెట్ అయినా కొత్త డాట్ కాన్ఫిగ్ రాసే ముందు పాతదాన్ని డాట్ కాన్ఫిగ్.ఓల్డ్‌గా పేరు మారుస్తుంది. కాబట్టి పొరపాటున డెఫ్‌కాన్ఫిగ్ (ఆర్కిటెక్చర్ డిఫాల్ట్ కాన్ఫిగ్ రాసేది) కొట్టినా వెంటనే గమనిస్తే పాతది తిరిగి తెచ్చుకోవచ్చు. కానీ ఆ వెనుక కాపీ ఒక్క తరానిదే. డెఫ్‌కాన్ఫిగ్ కొట్టి, అది నచ్చక ఆల్‌నోకాన్ఫిగ్ కొడితే, ఇప్పుడు ఓల్డ్‌లో ఉండేది డెఫ్‌కాన్ఫిగ్ ఇచ్చినది. మీ అసలు కాన్ఫిగ్ ఎక్కడా లేదు. దీన్ని వాక్యంలో చెప్పి వదిలేయకుండా మూడు కమాండ్లు వరుసగా కొట్టి, ప్రతిసారీ రెండు ఫైళ్లలో ఏముందో చూపించే ఉదాహరణగా పెట్టాను.

ఓల్డ్‌కాన్ఫిగ్, ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ తేడా చాలామందికి తెలుసు: మొదటిది కొత్త ఆప్షన్లకు ఒక్కోటిగా ప్రశ్న అడుగుతుంది, రెండోది అడగకుండా డిఫాల్ట్ పెట్టేస్తుంది. ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టే ముందు లిస్ట్‌న్యూకాన్ఫిగ్ కొట్టి చూడండని ఎంట్రీలో రాశాను. అది ఏమీ మార్చకుండా కొత్తగా వచ్చిన ఆప్షన్లు ఏవో చెబుతుంది. డాట్ కాన్ఫిగ్‌ని ఎడిటర్‌లో తెరిచి చేత్తో ఒక లైను మార్చేవాళ్లకు మరో మాట. ఆ ఆప్షన్‌కి కావలసిన వేరే ఆప్షన్లు ఆన్‌లో లేకపోతే మీరు రాసిన లైను నిలవదు. మార్చాక ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టి, స్క్రిప్ట్స్ డైరెక్టరీలోని డిఫ్‌కాన్ఫిగ్‌తో పాత కొత్త ఫైళ్లను పోల్చుకుంటే నిలిచిందో లేదో తేలిపోతుంది.

లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ ఎంట్రీ పెద్దదే అయింది. ఎల్ఎస్‌మాడ్ చూపించే జాబితాలో లేని మాడ్యూల్స్‌ని కాన్ఫిగ్ నుంచి తీసేస్తుంది, అందుకే బిల్డ్ చాలా చిన్నదవుతుంది. ఆ క్షణంలో లోడ్ అయి ఉన్నవే దాని దృష్టిలో ఉన్నట్టు లెక్క. ఎప్పుడో ఒకసారి తగిలించే యూఎస్‌బీ పరికరం ఇప్పుడు తగిలించి లేకపోతే దాని డ్రైవర్ కొత్త కెర్నల్‌లో ఉండదు. రన్ చేసే ముందు వాడే పరికరాలన్నీ తగిలించుకోవాలి. లేదా ఎల్ఎంసీ_కీప్ వేరియబుల్‌లో డ్రైవర్స్/యూఎస్‌బీ లాంటి డైరెక్టరీ పేర్లు ఇస్తే వాటి జోలికి పోదు. వేరే మెషీన్ కోసం బిల్డ్ చేస్తుంటే అక్కడి ఎల్ఎస్‌మాడ్ ఔట్‌పుట్‌ని ఫైల్‌లో పెట్టి ఎల్ఎస్‌మాడ్= తో ఇవ్వవచ్చు.

కెర్నల్‌రిలీజ్ పాత పేరు ఎందుకు చెప్పింది

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా సంతోషం ఇచ్చిన ఎంట్రీ ఇదే.

హెల్ప్‌లో ఇది చాలా అమాయకంగా కనిపిస్తుంది: రిలీజ్ పేరు ప్రింట్ చేస్తుంది, మేక్ -ఎస్ తో వాడండి. ప్యాకేజీ స్క్రిప్టులు దీని మీద ఆధారపడతాయి, ఎందుకంటే మాడ్యూల్స్ డైరెక్టరీ పేరు కూడా ఇదే. పరీక్షలో ఇలా చేశాను. డెఫ్‌కాన్ఫిగ్ కొట్టాను. కెర్నల్‌రిలీజ్ అడిగాను, పేరు వచ్చింది. మెనూకాన్ఫిగ్‌లోకి వెళ్లి లోకల్ వెర్షన్ దగ్గర రిలీజ్ పేరు చివర చేరే ఒక తోక తగిలించి సేవ్ చేశాను. డాట్ కాన్ఫిగ్ తెరిచి చూస్తే తోక ఉంది. మళ్లీ కెర్నల్‌రిలీజ్ అడిగితే తోక లేకుండా పాత పేరే వచ్చింది.

కారణం సోర్స్ డైరెక్టరీలో ఉండే ప్రధాన మేక్‌ఫైల్‌లోనే ఉంది. అందులో టార్గెట్లని మూడు రకాలుగా చూస్తారు. కొన్నిటికి కాన్ఫిగ్ అసలు అక్కర్లేదు: క్లీన్ కుటుంబం, ట్యాగ్స్, హెల్ప్, డాక్స్ టార్గెట్లు, కెర్నల్‌వెర్షన్. చాలావాటికి కాన్ఫిగ్ కావాలి, అది మారి ఉంటే ముందు సింక్‌కాన్ఫిగ్ నడిచి ఇన్‌క్లూడ్/కాన్ఫిగ్ కింద ఉండే ఆటో.కాన్ఫ్‌ని (డాట్ కాన్ఫిగ్ నుంచి పుట్టి, బిల్డ్ చదివే ఫైల్) తాజా చేస్తుంది. మూడో రకం వాటికి కాన్ఫిగ్ కావాలి గానీ దాన్ని తాజా చేయవు, ఉన్నదాన్ని ఉన్నట్టు చదువుతాయి. ఇన్‌స్టాల్‌తో ముగిసే టార్గెట్లు, మాడ్యూల్స్_సైన్, కెర్నల్‌రిలీజ్, ఇమేజ్_నేమ్ ఈ రకంలోకి వస్తాయి. రిలీజ్ పేరు కట్టే స్క్రిప్ట్ తోకని వెతికేది ఆటో.కాన్ఫ్‌లో. మెనూకాన్ఫిగ్ ఆటో.కాన్ఫ్ లేకపోతే పుట్టిస్తుంది గానీ ఉంటే దాన్ని మార్చదు. అందుకే పాత పేరు.

మధ్యలో మేక్ ప్రిపేర్ ఒకసారి కొడితే సింక్ అయి కొత్త పేరు వస్తుంది. స్క్రిప్ట్ రాసేవాళ్లకు నా ఎంట్రీ చెప్పేది అదే: కాన్ఫిగ్ మార్చాక, బిల్డ్‌కి ముందు పేరు కావాలంటే ప్రిపేర్ తర్వాతే అడగండి. ఇన్‌స్టాల్ టార్గెట్లను ఈ మూడో రకంలో పెట్టడం చాలా మంచి నిర్ణయం. వాటిని తరచూ రూట్‌గా రన్ చేస్తారు. రూట్‌గా నడుస్తున్నప్పుడు సింక్ జరిగితే బిల్డ్ డైరెక్టరీలో రూట్ సొంత ఫైళ్లు పుడతాయి, ఆ తర్వాత మామూలు యూజర్‌గా మేక్ కొడితే అనుమతి లేదన్న ఎర్రర్లు మొదలవుతాయి.

ఇన్‌స్టాల్ రెండూ

మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ ఎక్కడ రాస్తుందో స్పష్టంగా చెప్పవచ్చు: లిబ్/మాడ్యూల్స్ కింద రిలీజ్ పేరుతో ఉన్న డైరెక్టరీ. ఇన్‌స్టాల్_మాడ్_పాత్ ఇస్తే దాని కింద. చెప్పాల్సిన రెండో మాట, ఆ డైరెక్టరీలోని కెర్నల్ అనే ఉపడైరెక్టరీని ముందు ఖాళీ చేసి మళ్లీ నింపుతుంది. రెండు వేర్వేరు బిల్డ్‌లకు రిలీజ్ పేరు ఒకటే అయితే రెండోది మొదటిదాని మాడ్యూల్స్‌ని తుడిచేస్తుంది. మొదటి కెర్నల్‌లోకి బూట్ చేస్తే దానికి వేరే బిల్డ్ మాడ్యూల్స్ ఎదురవుతాయి. ప్రయోగాలు చేసేవాళ్లు ప్రతి బిల్డ్‌కీ లోకల్ వెర్షన్ తోక మార్చుకోవాలని అందుకే చెబుతారు. ఇంకొకటి, అక్కడ బిల్డ్ అనే లింకు మీ బిల్డ్ డైరెక్టరీకే వేలు చూపుతుంది. ఆ డైరెక్టరీని తీసేస్తే ఆ కెర్నల్ మీద బయటి మాడ్యూల్స్ బిల్డ్ కావు.

ఇన్‌స్టాల్ ఎంట్రీ మాత్రం ఇంకా తేలలేదు. ఈ టార్గెట్ ముందు ఇన్‌స్టాల్‌కెర్నల్ అనే స్క్రిప్ట్ కోసం హోమ్ డైరెక్టరీలోని బిన్‌లో, తర్వాత ఎస్‌బిన్‌లో వెతుకుతుంది. దొరికితే పని దానికి అప్పజెబుతుంది, దొరక్కపోతే ఆర్కిటెక్చర్ సొంత స్క్రిప్ట్ నడుస్తుంది. ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్) తయారవుతుందా, బూట్‌లోడర్ మెనూ మారుతుందా అన్నవి ఆ స్క్రిప్ట్ ఇష్టం. కాబట్టి ఎక్కడ రాస్తుంది అన్న ప్రశ్నకు కెర్నల్ సోర్స్ చూసి పూర్తి జవాబు ఇవ్వలేం. ప్రస్తుతానికి నమూనా స్క్రిప్ట్ ఒకటి రాసి హోమ్ బిన్‌లో పెట్టాను. తనకు వచ్చిన ఆర్గ్యుమెంట్లు ప్రింట్ చేయడం తప్ప అది ఏమీ చేయదు. వెర్షన్, ఇమేజ్ దారి, సిస్టమ్.మ్యాప్ దారి, ఇన్‌స్టాల్ చేయాల్సిన డైరెక్టరీ, ఆ వరుసలో నాలుగు వస్తాయి. నా ఎంట్రీ ఈ నాలుగింటి దగ్గర ఆగి, మీ సిస్టమ్‌లోని స్క్రిప్ట్ చదవండని చెబుతుంది.

హెల్ప్‌లో లేనివి

ప్రధాన మేక్‌ఫైల్‌లోని ఫోనీ పేర్లన్నీ (ఫైల్ కాకుండా పనిని మాత్రమే సూచించే టార్గెట్లు) ఏరి హెల్ప్‌తో పోల్చాను. ప్రిపేర్, ఆర్క్‌ప్రిపేర్, స్క్రిప్ట్స్_బేసిక్, సింక్‌కాన్ఫిగ్, ఔట్‌పుట్‌మేక్‌ఫైల్ లాంటివి హెల్ప్‌లో లేవు. ఇవి లోపలి పనివాళ్లు, ఎప్పుడైనా పేరు మార్చుకోవచ్చు. సింక్‌కాన్ఫిగ్‌కే 2018 వరకు సైలెంట్‌ఓల్డ్‌కాన్ఫిగ్ అని పేరు. వాటిని పత్రంలో చేర్చాలా వద్దా అని కొంత ఊగిసలాడాను. ఎర్రర్లలో, కమాండ్లన్నీ పూర్తిగా చూపించే వీ=1 ఔట్‌పుట్‌లో ఆ పేర్లు కనిపిస్తాయి, కనిపించినప్పుడు వెతికేవాళ్లకు ఏదో ఒకటి దొరకాలి. వేరే అధ్యాయంగా పెట్టి, స్క్రిప్టుల్లో వీటిని పిలవకండని పైనే రాశాను. మినహాయింపు ప్రిపేర్ ఒక్కటే. ఆటో.కాన్ఫ్ గానీ ఆటోకాన్ఫ్ హెడర్ గానీ లేనప్పుడు ఓల్డ్‌కాన్ఫిగ్, ప్రిపేర్ రెండూ కొట్టమని మేకే ఎర్రర్‌లో చెబుతుంది కాబట్టి.

మాడ్యూల్స్_ప్రిపేర్ హెల్ప్‌లో ఉంది, బయటి మాడ్యూల్స్ బిల్డ్ చేయడానికి రంగం సిద్ధం చేస్తుంది. అది మాడ్యూల్.సిమ్‌వర్స్‌ని మాత్రం పుట్టించదు. మాడ్యూల్ వెర్షనింగ్ ఆన్‌లో ఉంటే పూర్తి బిల్డ్ తప్పదు. ఈ విషయం బయటి మాడ్యూల్స్ పత్రంలో ఉంది, హెల్ప్ లైనులో లేదు. నా ఎంట్రీలో మొదటి వాక్యానికి ఆనుకునే పెట్టాను.

ఒకే లైనులో రెండు మూడు టార్గెట్లు ఇస్తే ఏం జరుగుతుందో కూడా రాశాను. డెఫ్‌కాన్ఫిగ్‌నీ బిల్డ్‌నీ కలిపి, పనులు ఒకేసారి నడిపే -జే కూడా ఇచ్చి కొట్టినా భయం లేదు. కాన్ఫిగ్ టార్గెట్, బిల్డ్ టార్గెట్ కలిసి వచ్చాయని మేక్‌ఫైల్ గుర్తించి వాటిని ఒకదాని తర్వాత ఒకటి, మీరు ఇచ్చిన వరుసలో నడుపుతుంది. క్లీన్ టార్గెట్లను వేరేవాటితో కలిపినా అంతే, ఇన్‌స్టాల్, మాడ్యూల్స్_ఇన్‌స్టాల్ కలిపినా అంతే.

వీ=2

ఇది టార్గెట్ కాదు, ఆప్షన్. అయినా దీనికి సగం పేజీ ఇచ్చాను. ఎందుకు మళ్లీ కంపైల్ అవుతోంది అన్న ప్రశ్నకు జవాబు ఇదే ఇస్తుంది. ప్రతి లైను చివర కారణం వస్తుంది: ఫైల్ లేదు, ఫలానా హెడర్ మారింది, కమాండ్ లైన్ మారింది. కెర్నల్ ప్రతి ఆబ్జెక్ట్‌నీ ఏ కమాండ్‌తో కంపైల్ చేసిందో డాట్ సీఎండీ ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది, ఈసారి కమాండ్ వేరుగా ఉంటే ఫైల్ మారకపోయినా మళ్లీ కంపైల్ చేస్తుంది. ఇక ఫిక్స్‌డెప్ అనే చిన్న ప్రోగ్రామ్ ప్రతి సోర్స్ ఫైల్ ఏ కాన్ఫిగ్ ఆప్షన్లను నిజంగా వాడిందో చూసి వాటి మీదే ఆధారపడేలా చేస్తుంది. ఒక్క ఆప్షన్ మారిస్తే కెర్నల్ మొత్తం మళ్లీ కంపైల్ కాకపోవడానికి కారణం ఈ చిన్న ప్రోగ్రామే. దీని పనితనం చూస్తే నాకు గౌరవం కలిగింది.

మేక్‌ఫైల్ రాసేవాళ్లకు వీ=2లో ఇంకో మేలు ఉంది. తమ ఫైల్‌ని టార్గెట్స్ వేరియబుల్‌లో చేర్చడం మరిచిపోతే, అది టార్గెట్స్‌లో లేదని కారణం దగ్గరే పేరుతో చెబుతుంది. ఏమీ మార్చకుండా మేక్ కొట్టినా ఒక ఫైల్ ప్రతిసారీ మళ్లీ తయారవుతుంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

ఇప్పటికి ఎక్కడున్నాను

డాక్యుమెంటేషన్‌ని స్ఫింక్స్ అనే సాధనంతో బిల్డ్ చేస్తున్నాను. హెచ్‌టీఎంఎల్‌డాక్స్‌కి స్ఫింక్స్‌డిర్స్=కేబిల్డ్ ఇస్తే ఆ ఒక్క విభాగమే తయారవుతుంది, రాసిన ప్రతిసారీ మొత్తం కోసం ఎదురుచూడక్కర్లేదు. ఎడిటర్లు కోడ్‌ని అర్థం చేసుకోవడానికి చదివే కంపైల్_కమాండ్స్.జేసన్ ఎంట్రీ రాశాను: అది డాట్ సీఎండీ ఫైళ్లని చదివి తయారవుతుంది కాబట్టి మీ కాన్ఫిగ్‌లో బిల్డ్ అయ్యే ఫైళ్లు మాత్రమే అందులో ఉంటాయి, ఆఫ్‌లో ఉన్న డ్రైవర్‌ని ఎడిటర్‌లో తెరిస్తే నావిగేషన్ పనిచేయదు. హెడర్స్_ఇన్‌స్టాల్ కూడా అయింది. దారి ఇవ్వకపోతే బిల్డ్ డైరెక్టరీలోని యూఎస్ఆర్/ఇన్‌క్లూడ్‌లో రాస్తుంది, సిస్టమ్ హెడర్ల జోలికి పోదు, రూట్ అక్కర్లేదు.

డివైస్ ట్రీ (హార్డ్‌వేర్ వివరాలను కెర్నల్‌కి చెప్పే ఫైళ్లు) టార్గెట్లు ఆర్మ్64 మీద మొదలుపెట్టాను. డీటీబీఎస్_చెక్, డీటీ_బైండింగ్_చెక్ రెండింటికీ డీటీస్కీమా అనే పైథాన్ ప్యాకేజీ కావాలి. మొదటిదానికి కాన్ఫిగ్ కావాలి, రెండోదానికి అక్కర్లేదు. ప్యాకేజీలు కట్టేవి, కెర్నల్ సొంత పరీక్షలు నడిపే కేసెల్ఫ్‌టెస్ట్ ఇంకా ముట్టుకోలేదు. డెబియన్ ప్యాకేజీలు కట్టే డెబ్-పీకేజీ, బిన్‌డెబ్-పీకేజీ రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఏది సోర్స్ ప్యాకేజీ కూడా కడుతుందో, ఏది బైనరీతో ఆగుతుందో, డెబియన్ డైరెక్టరీ ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎవరు చెరుపుతారో చూడాలి. చెరిపేది ఎంఆర్‌ప్రాపర్ అని దాని జాబితాలో ముందే చూశాను. ఆ రెండు ఎంట్రీల్లో చెరపడం గురించిన ప్రశ్నకు సగం జవాబు అక్కడినుంచే వస్తుంది.